తాగుబోతు పాత్రకి తాగాలా? నటనపై కొన్ని అపోహలు - వాస్తవాలు

2018లో నటి సావిత్రి జీవితకథగా ‘మహానటి’ వచ్చింది మొదలు, మా నటన క్లాసులో చేరే ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు ఆ చివరి ఘట్టాలే ఎంచుకుంటున్నారు. మందు గ్లాసు, చెదిరిన జుట్టు, వెక్కిళ్లు. ఎంచుకుంటే తప్పేం లేదు, కీర్తి సురేశ్‌కి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన పాత్ర అది. గొడవంతా వీళ్లు తయారయ్యే పద్ధతితోనే.

అపోహ: చితికిపోయిన మనిషిని ఆడాలంటే మనమూ చితికిపోవాలి.

వాస్తవం: అలా చేస్తే షాట్‌కి పనికిరారు. ఒక కుర్రాడు తాగుబోతు సీనుకి నిజంగానే రెండు పెగ్గులు వేసుకొచ్చాడు. ఆగాల్సిన చోట నేల మీద టేపు వేసిన మార్కు దాటేశాడు, కెమెరా ఫోకస్ పోయింది. రెండో టేక్‌కి గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నాడో గుర్తులేదు. పైగా ఒకటే తూలడం. తాగినవాడు తూలడానికి ప్రయత్నించడు బాబూ, తాగలేదని నమ్మించడానికి నానా తంటాలు పడతాడు. గ్లాసు ఆచితూచి అందుకుంటాడు, ఒక్కో మాటా ఒత్తి పలుకుతాడు. ఆ తంటాలు ఆడు, చాలు.

‘దేవదాసు’ (1953)లో ఏఎన్నార్ మత్తు కళ్ల కోసం ఆ సీన్లు రాత్రిపూట తీశారు. కడుపునిండా పెరుగన్నం తిని, ముంచుకొచ్చే నిద్ర ఆపుకుంటూ చేశారంటారు. మా ఊళ్లో మాత్రం ఆయన తాగే చేశాడని బల్లగుద్ది చెప్పేవాళ్లు!

‘మహానటి’లోనే ‘మాయాబజార్’ షూటింగ్ ఘట్టం చూడండి. గ్లిజరిన్ లేకుండా, ఎడమ కంటి నుంచే, రెండే రెండు చుక్కలు కావాలి. అక్కడ కావాల్సింది శోకం ఒక్కటే కాదు, లెక్క కూడా. ఇక ‘అహ నా పెళ్లంట’ పాటలో శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుణ్ణి ఆడుతున్న సావిత్రిని కీర్తి ఆడాలి. సిగ్గులో శశిరేఖ, నడకలో ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు. గదిలో కూర్చుని కుమిలిపోతే ఇవి వస్తాయా? నాట్యశాస్త్రం రాసిన భరతుడు కన్నీటిని సాత్త్విక భావాల్లో, అంటే లోపలి సత్త్వం నుంచి ఒంటి మీద కనిపించేవాటిలో చేర్చాడు. సత్త్వం పుట్టేది మనసు నిలిపితేనట, చెడగొట్టుకుంటే కాదు.

పైగా సినిమా వరసలో తీయరు. కాల్షీట్లు, లొకేషన్లను బట్టి పొద్దున చావు సీను, మధ్యాహ్నం పెళ్లిచూపులు పడొచ్చు. పొద్దుటి పాత్రలోనే ‘జీవిస్తున్న’వాడు మధ్యాహ్నం ఏం చేస్తాడు?

ఒకావిడ ఫోన్‌లో ఏడ్చింది. “సార్, మా అమ్మాయి పాత్ర కోసమని గది చీకటి చేసుకుని అన్నం మానేసింది. అడిగితే నీకు ఆర్ట్ తెలీదంటోంది.” అమ్మా, మీ భయం సబబే. ముందు అన్నం తినిపించండి. తర్వాత సీను కాగితం పట్టుకుని నా దగ్గరికి రమ్మనండి. ఈ మనిషి ఎవరితో మాట్లాడుతోంది, ఏం కావాలంటోంది, ఏం దాస్తోంది, ఇవి రాసుకొస్తే సగం పని అయినట్టే. అప్పటికీ నిద్ర పట్టక, ఏడుపు ఆగకపోతే చూపించాల్సింది డాక్టరుకి, నాకు కాదు.

మిగతావి గబగబా. లావెక్కాలా? అక్కర్లేదు, కీర్తి చివరి దశకి ప్రోస్థటిక్ మేకప్ (ఒంటికి అతికించే కృత్రిమ తొడుగులు) వేశారు. మిమిక్రీ వస్తే చాలా? స్టేజీ ప్రోగ్రాంకి చాలు. ఇలాంటి పాత్ర పడితే అవార్డు ఖాయమా? ఎవరన్నారో వాళ్లనే అడగండి.

సినిమా చూస్తే సావిత్రి జీవితమంతా తెలిసిపోయినట్టేనా? అందులో తన తండ్రిని చూపిన తీరు మీద సావిత్రి భర్త జెమినీ గణేశన్ కూతురు కమలా సెల్వరాజ్ బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. ముందు సావిత్రే నటించిన ‘మిస్సమ్మ’ చూడండి. ఆ తర్వాత ‘మహానటి’.