ఆకుపచ్చ రసం సీసా సంగతి

విశాఖపట్నం

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీర్వదించి రాసేది.

కాలేయాన్ని శుభ్రం చేసే రసం సీసా కొనమంటారా అని మొన్న ఫోనులో అడిగారు. ఇక్కడ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడిచేవాళ్ల చేతుల్లోనూ అవే కనిపిస్తున్నాయి. కొనవద్దు. ఒంట్లో శుభ్రం చేసే పని కాలేయం తానే చేసుకుంటుంది. ఎలాగో చెబుతాను.

మీ నానమ్మ వండే వంజరం పులుసునే తీసుకోండి. చేపలోని మాంసకృత్తులు అరిగి అమైనో ఆమ్లాలవుతాయి. ఒంటికి కావలసినవి పోగా మిగిలినవాటిని దాచుకునే కొట్టు మనకు లేదు. (కొవ్వుకైతే ఉంది, నా పొట్టే సాక్ష్యం!) అందుకని కాలేయం వాటిని విడగొడుతుంది. ముందు వాటిలోని నత్రజని భాగాన్ని ఊడదీసి వేరే అణువుకు తగిలించాలి. ఆ పని చేసే ఎంజైములకు బి6 విటమిన్ లేనిదే చేయి ఆడదు. రక్తపరీక్ష కాగితంలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అని ఉంటాయే, అవి ఈ ఎంజైములే. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారి, అక్కడ లెక్క పెరుగుతుంది.

నత్రజని చివరికి అమ్మోనియాగా తేలుతుంది. అది మెదడుకు విషం. కాలేయం దాన్ని యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పగిస్తుంది. పొలంలో రైతు చల్లే యూరియా కూడా ఇదే పదార్థం. అమ్మోనియాను యూరియాగా మార్చే ఈ రసాయన చర్యల చక్రాన్ని 1932లో క్రెబ్స్, హెన్సలైట్ అనే ఇద్దరు కనిపెట్టారు.

ఇక జ్వరానికి వేసుకునే పారాసెటమాల్. అందులో కొద్ది భాగం కాలేయంలో విషంగా మారుతుంది. దాన్ని పట్టి కట్టేసేది గ్లూటాథయోన్. గ్లూటామేట్, సిస్టీన్, గ్లైసీన్ అనే మూడు అమైనో ఆమ్లాల ముడి అది. మాత్రలు మితిమీరి మింగితే దాని నిల్వ అయిపోయి కాలేయం కాలిపోయినట్టే దెబ్బతింటుంది. అప్పుడు వైద్యులు ఇచ్చే విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్, అంటే వేషం మార్చిన సిస్టీనే!

సిస్టీన్‌ను ఒళ్లు మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి తయారు చేసుకుంటుంది. దారిలో హోమోసిస్టీన్ అనే మజిలీ ఉంది. అక్కడి నుంచి సిస్టీన్ వైపు వెళ్లాలంటే బి6, వెనక్కి మెథియోనిన్‌గా మారాలంటే ఫోలిక్ ఆమ్లం, బి12 కావాలి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు మీ పాఠ్యపుస్తకంలో లేదంటే నాకు కోపం వస్తుంది.

అలాగని విటమిన్ మాత్రలు గుప్పిళ్లతో మింగకండి. బి6 చాలాకాలం అతిగా వాడితే నరాలు మొద్దుబారతాయి. నియాసిన్, అంటే బి3 విటమిన్, పెద్ద మోతాదులో కాలేయాన్నే దెబ్బతీస్తుంది. పప్పు, తోటకూర, గుడ్డు, చేప ఇంట్లో ఉండనే ఉన్నాయి.

చిన్నవాడు చేపలు, గుడ్లు మానేశాడట. సరే, వాడి ఇష్టం. కానీ బి12 కూరగాయల్లో దొరకదు. పెరుగన్నం మాత్రం మానవద్దని నా మాటగా చెప్పండి.

ఇట్లు
తాతయ్య