పాత చర్చి కమాను పగిలిందా? అపోహలు - వాస్తవాలు

పాత చర్చిల రాతి, ఇటుక కమాను పైకప్పులను పరిశీలించి, అవసరమైతే బలపరచడం నా వృత్తి. ఎక్కడికి వెళ్లినా ముందు వినిపించేది ఒకటే మాట: "బీట వారింది, ఎప్పుడు కూలుతుందో!"

అపోహ: పగిలిన కమాను కూలిపోతుంది.

వాస్తవం: ఎంత నొక్కినా రాయి ఓర్చుకుంటుంది. లాగితే మాత్రం అతుకు దగ్గర విడిపోతుంది. మోసే గోడలు కాలక్రమంలో కాస్త బయటికి ఒరిగితే కమాను మూడు చోట్ల నోరు తెరుస్తుంది: నడినెత్తిన కింది వైపు, రెండు పక్కలా పై వైపు. ఆ మూడూ తలుపు బందుల్లా పనిచేస్తాయి. కమాను కాస్త కిందికి దిగి, కొత్త కొలతకు సర్దుకుని మళ్లీ నిలబడుతుంది. ప్రమాదం నాలుగో బందుతో మొదలవుతుంది. అందుకే పగులు ఎంత వెడల్పు ఉందన్నది కాదు, పెరుగుతోందా లేదా అన్నదే నేను చూస్తాను. పగులు కదలికను కొలిచే గేజ్ బిగించి కనీసం ఏడాది రీడింగులు తీసుకుంటాను. చలికి తెరుచుకుని ఎండకు మూసుకునే పగుళ్లు ఎన్నో!

అపోహ: రాయిని ల్యాబ్‌లో పరీక్షిస్తే బలం తేలిపోతుంది.

వాస్తవం: ఈ కట్టడాల్లో రాయి మీద పడే ఒత్తిడి, అది తట్టుకోగలిగిన దానిలో చిన్న వంతే. నిలబెట్టేది ఆకారం. వేలాడే గొలుసును తలకిందులు చేస్తే అదే కమాను అని ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1675లోనే గ్రహించాడు. 1740లలో రోమ్ సెయింట్ పీటర్స్ గుమ్మటం బీటలు వారినప్పుడు ఇటలీ శాస్త్రవేత్త పోలెని బరువులు కట్టిన గొలుసును వేలాడదీసి, ఆ గొలుసు గీతను తిరగేస్తే అది గుమ్మటం మందంలోనే ఇముడుతుందని చూపించాడు. అయినా జాగ్రత్త కోసం చుట్టూ ఇనుప పట్టాలు వేశారు. నాకు ఆ నిర్ణయం ఇప్పటికీ నచ్చుతుంది.

అపోహ: పైన కాంక్రీటు పోస్తే గట్టిపడుతుంది.

వాస్తవం: బరువు పెరుగుతుంది, గోడలను బయటికి తోసే బలమూ పెరుగుతుంది, చెమ్మ లోపలే ఉండిపోతుంది. వద్దు.

అపోహ: కమాను మీద ఉన్న మట్టీ రాళ్లూ బరువే, ఊడ్చేయాలి.

వాస్తవం: పైకెక్కి చేత్తో తీసి చూడందే నేను ఈ మాట అనను. సున్నంతో గట్టిగా పట్టిన నింపుడు కమాను భుజాలను కాపాడుతుంది. పిడికిట్లోంచి ఇసుకలా జారేదైతే భూకంపంలో శత్రువే. 1997 సెప్టెంబర్ 26న భూకంపానికి ఇటలీలోని అసిసీలో సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికా కమానులు కొంత కూలి నలుగురు చనిపోయారు. అక్కడ పేరుకున్న వదులు నింపుడూ ఒక కారణం. తర్వాత దాన్ని తీసేసి, కింద చిత్రాలున్న ముఖాన్ని ముట్టుకోకుండా, పై వైపున చెక్క, అరామిడ్ అనే చాలా బలమైన కృత్రిమ నారలతో సన్నని పక్కటెముకలు కట్టారు.