గేమింగ్ కన్సోల్ క్లీనింగ్: మా కౌంటర్ దగ్గర వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

భీమవరంలో మొబైళ్లు, చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కన్సోళ్లు రిపేరు చేస్తుంటాను. నింటెండో స్విచ్, స్టీమ్ డెక్ లాంటివి ఇప్పుడు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నాయి. విదేశాల నుంచి బాబాయో మావయ్యో తెచ్చినవే ఎక్కువ. కంపెనీ సర్వీస్ సెంటర్ దగ్గర్లో ఉండదు కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్లు క్లీన్ చేసేస్తున్నారు. మురికి వల్ల పాడైన వాటికంటే ఆ క్లీనింగ్ వల్ల పాడైనవే నా చేతికి ఎక్కువ వస్తున్నాయి. నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: గాలి కొట్టిస్తే దుమ్మంతా పోతుంది

"పంక్చర్ షాపులో గాలి కొట్టించేశామండీ, అయినా వేడెక్కిపోతోంది" అంటారు. కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరుతుంది, మన డెల్టా తేమకు మరీనూ. ఆ గాలితోపాటు నీటి తుంపర, నూనె కూడా బోర్డు మీద పడతాయి. పైగా ఆ వేగానికి చిన్న ఫ్యాన్ హద్దు మీరి తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

స్విచ్‌లోనూ స్టీమ్ డెక్‌లోనూ గాలి వెనక కంతల్లోంచి లోపలికి వెళ్లి, పై అంచు నుంచి వేడిగా బయటికొస్తుంది. అంబాజీపేట వైపు నుంచి వచ్చే కన్సోల్ తెరిస్తే, ఫ్యాన్‌కీ, వేడిని లాగి బయటికి పంపే హీట్‌సింక్ రేకులకీ మధ్య కొబ్బరి పీచు పొడి గోధుమరంగు గుడ్డపీలికలా పేరుకుని ఉంటుంది. రైస్ మిల్లుల దగ్గరివాటిలో ఊక ధూళి. ఇది గాలికి పోదు, ఇంకా లోపలికి దిగబడుతుంది.

స్లీప్‌లో పెట్టడం కాదు, పూర్తిగా పవర్ ఆఫ్ చేయండి. కంతల మీద మెత్తటి బ్రష్ ఆడించి, చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్ వాడండి. అప్పటికీ వేడెక్కుతుంటే తెరవాల్సిందే. తెరిచాక ముందు బ్యాటరీ కనెక్టర్ తీయాలి. ఫ్యాన్ తిరక్కుండా పుల్లతో ఆపి పట్టుకుని, అప్పుడు పీచు లాగాలి.

అపోహ: శానిటైజర్ కూడా ఆల్కహాలే కదా

శానిటైజర్‌లో నీరు, గ్లిజరిన్, సెంటు ఉంటాయి. గ్లిజరిన్ ఆరదు, జిగురుగా మిగిలి కొత్త దుమ్మును పట్టుకుంటుంది. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ అయితే ప్లాస్టిక్‌నే కరిగిస్తాయి. వాడాల్సింది 99% ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అదీ కాటన్ బడ్ తడిసేంతే, పోయకూడదు.

అయితే పూతరేకులు తిన్న చేత్తో ఆడితే అంటుకునే బటన్లకు ఆల్కహాల్ ఒక్కటే చాలదు. పంచదార దానిలో సరిగా కరగదు. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపి గట్టిగా పిండిన బడ్‌తో బటన్ చుట్టూ తుడవండి, ఆ తర్వాత ఆల్కహాల్ బడ్. నెయ్యి జిడ్డు అప్పుడు వస్తుంది.

స్విచ్ ఓఎల్ఈడీ మోడల్ గాజు మీద కంపెనీ అంటించిన పల్చటి ఫిల్మ్ ఉంటుంది. మురికి పట్టింది కదా అని దాన్ని పీకేయకండి. గాజు పగిలితే ముక్కలు చెదరకుండా ఆపేది అదే.

అపోహ: స్టిక్ తనంతట తాను కదులుతోందంటే లోపల దుమ్మే

కొన్నిసార్లు నిజమే. బొటనవేలితో తిప్పే ఈ స్టిక్‌లలో చాలావాటి లోపల కార్బన్ పట్టీ మీద సన్నటి లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము చేరితే కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రానిక్ భాగాలు శుభ్రం చేసే స్ప్రే) పనిచేస్తుంది. పట్టీయే అరిగిపోతే ఎంత స్ప్రే కొట్టినా కొన్నాళ్లకు డ్రిఫ్ట్, అంటే ఈ తనంతట తాను కదలడం, మళ్లీ వస్తుంది, అప్పుడు స్టిక్ మార్చడమే. ముందు సెట్టింగ్స్‌లో క్యాలిబ్రేషన్ (స్టిక్ మధ్య స్థానాన్ని మళ్లీ సరిచేయడం) చేసి చూడండి. కొత్తది వేయించుకునేటప్పుడు హాల్ ఎఫెక్ట్ స్టిక్ దొరికితే అదే అడగండి. అది అయస్కాంతంతో పనిచేస్తుంది, రాసుకుని అరిగే పట్టీ ఉండదు.

ఇంట్లో ఉన్న మామూలు డబ్ల్యూడీ-40 మాత్రం కొట్టకండి. 1953లో దాన్ని తయారుచేసింది లోహం మీది నీటిని తరిమి తుప్పు ఆపడానికి. అది వదిలే నూనె పొర స్టిక్‌లో దుమ్మును ఆకర్షిస్తుంది.

అపోహ: నీళ్లలో పడితే బియ్యంలో పెట్టాలి

మన దగ్గర బియ్యానికి కొదవ లేదు కాబట్టి ఈ నమ్మకం అంత తేలిగ్గా పోదు. బియ్యం లోపలి నీటిని లాగదు. ఛార్జింగ్ పోర్టులో మాత్రం తవుడు నింపుతుంది. నేను పుల్లతో గీకి తీస్తుంటే తెల్లటి ముద్దగా వస్తుంటుంది.

రొయ్యల చెరువు గట్టు మీద చేజారిపోతే ఇంకా ప్రమాదం, ఆ నీటిలో ఉప్పుంటుంది. నీరు ఆరిపోయినా ఉప్పు బోర్డు మీదే ఉండిపోతుంది. కన్సోల్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ కలిసే ఉంటుంది కాబట్టి, తేమ తగిలినప్పుడల్లా రాగి మీద పచ్చ చిలుము పాకుతూనే ఉంటుంది. వెంటనే ఆఫ్ చేయండి. పనిచేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. అదే రోజు ఎవరిచేతనైనా తెరిపించి, బ్యాటరీ తీయించి, బోర్డును డిస్టిల్డ్ వాటర్‌తో, తర్వాత ఆల్కహాల్‌తో కడిగించండి.

అపోహ: గేమ్ కార్డు పనిచేయకపోతే నోటితో ఊదాలి

ఊపిరిలోని తేమ కాంటాక్ట్‌లను మెల్లగా తినేస్తుంది. ఊదాక పనిచేసిందంటే అది తీసి మళ్లీ పెట్టడం వల్లే. ఆల్కహాల్ బడ్‌తో కాంటాక్ట్‌లు తుడిచి, పూర్తిగా ఆరాక స్లాట్‌లో పెట్టండి.