ఒక పంపు, రెండు పర్మిట్లు

1988 జులై 6 సాయంత్రం. బ్రిటన్ దగ్గరి ఉత్తర సముద్రంలో చమురు, గ్యాస్ తీసే పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫామ్ మీద ఒక పంపును మరమ్మతుకు ఆపారు. దాని సేఫ్టీ వాల్వ్‌ను కూడా పరీక్ష కోసం విప్పారు. షిఫ్ట్ ముగిసేసరికి ఆ పని తేలలేదు. వాల్వ్ తీసిన చోట ఒక ఇనుప బిళ్ల బిగించి వెళ్లిపోయారు. పంపు పనికి ఒక పర్మిట్ (పని చేయడానికి రాసిచ్చే అనుమతి పత్రం), వాల్వ్ పనికి ఇంకోటి. రాత్రి 10 గంటలకు కాస్త ముందు రెండో పంపు మొరాయించింది. రాత్రి షిఫ్ట్ వాళ్ల కంట వాల్వ్ పర్మిట్ పడలేదు, వాల్వ్ లేదన్న సంగతి వాళ్లకు తెలియదు. ఆపిన పంపునే మళ్లీ నడిపారు. బిళ్ల సందుల్లోంచి గ్యాస్ బయటికొచ్చి పేలింది. 167 మంది చనిపోయారు, 61 మంది బయటపడ్డారు.

లీకు ఎక్కడైనా అవుతుంది. ఇది ఇంత పెద్దదెలా అయిందన్నదే అసలు ప్రశ్న. పైపర్‌ను మొదట చమురు కోసం కట్టారు, గ్యాస్ యంత్రాలు తర్వాత వచ్చి చేరాయి. అడ్డుగోడలు మంటను ఆపగలవు కానీ పేలుడును కాదు. నీళ్లలో ఉన్న డైవర్లను లోపలికి లాగేస్తాయని ఫైర్ పంపులను మాన్యువల్‌లో పెట్టారు, మంటలు లేచాక వాటి దగ్గరికి ఎవరూ వెళ్లలేకపోయారు. పైపులతో దీనికి కలిసి ఉన్న పక్క ప్లాట్‌ఫామ్‌లు టార్టన్, క్లేమోర్ మంటలు కనిపిస్తున్నా చమురు పంపుతూనే ఉన్నాయి. ఉత్పత్తి ఆపమనే అధికారం తమకు ఉందో లేదో అక్కడి వాళ్లకే సందేహం. ఇంతలో టార్టన్ నుంచి వచ్చే గ్యాస్ పైపు పగిలింది. క్వార్టర్స్‌లో చాలామంది ఆర్డర్ కోసం ఎదురుచూస్తూ పొగకు బలయ్యారు.

అప్పటికి చట్టం లేక కాదు. 1965లో సీ జెమ్ అనే డ్రిల్లింగ్ రిగ్ కూలి 13 మంది చనిపోయాక బ్రిటన్ 1971లో చట్టం చేసింది. దాని కింద వచ్చిన నిబంధనలు ఏ పరికరం ఎక్కడ ఉండాలో చెప్పేవి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి టిక్ పెట్టేవాడు. పైపర్ ప్రమాదం మీద జడ్జి లార్డ్ కలెన్ జరిపిన విచారణ 1990లో 106 సిఫార్సులతో ఈ పద్ధతినే తలకిందులు చేసింది. నీ ప్లాట్‌ఫామ్‌లో ఏమేం జరగొచ్చు, ఎలా ఆపుతావు, ఆపలేకపోతే మనుషుల్ని ఎలా దింపుతావు, నువ్వే రాసి నిరూపించమంది. దాన్నే సేఫ్టీ కేస్ అంటారు. ఇంకో మార్పు గురించి తక్కువగా మాట్లాడతారు, నా లెక్కలో అదీ అంతే పెద్దది: చమురు తీయించే శాఖ చేతిలోనే ఉన్న భద్రత బాధ్యతను తీసి ఇంకో సంస్థకు ఇచ్చారు.

అమెరికాలో అది జరగలేదు. లీజులిచ్చి రాయల్టీ వసూలు చేసే సంస్థే భద్రత కూడా చూసేది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే డ్రిల్లింగ్ రిగ్ పేలి 11 మంది చనిపోయారు. 87 రోజుల దాకా బావి మూతపడలేదు. బావి సీల్ అయిందో లేదో చూసే ప్రెజర్ టెస్ట్‌లో తేడా కనిపిస్తూనే ఉంది, దానికి ఏదో ఒక కారణం చెప్పుకుని ముందుకెళ్లారు. చివరి అడ్డుగా బావి నోటి మీద ఉన్న పెద్ద వాల్వ్ లాంటి బ్లోఅవుట్ ప్రివెంటర్ కూడా బావిని మూయలేదు. విచిత్రం ఏమిటంటే, మనిషి పని మానాల్సినంత దెబ్బ ఏడేళ్లుగా ఒక్కటీ తగల్లేదని ఆ రిగ్‌కు మంచి పేరు. కాలు జారి పడేవాళ్ల సంఖ్య బావిలో ప్రెజర్ ఎంతుందో చెప్పదు కదా. ఆ తర్వాతే అక్కడ ఆ సంస్థను విడగొట్టి, భద్రతను వేరు చేశారు. యూరోపియన్ యూనియన్ కూడా 2013లో సముద్రంలో చమురు పనుల భద్రతకు కొత్త డైరెక్టివ్ (సభ్య దేశాలకు ఆదేశం) తెచ్చింది.

పైపర్‌కూ డీప్‌వాటర్ హొరైజన్‌కూ మధ్య కాలంలోనే, 2005 జులై 27న మన ముంబై హై నార్త్ ప్లాట్‌ఫామ్ కాలిపోయింది. గాయపడిన తన వంటమనిషిని ప్లాట్‌ఫామ్ మీదికి చేర్చడానికి దగ్గరికొచ్చిన నౌక అలలకు ఊగి గ్యాస్ రైజర్‌ను (సముద్రం అడుగు నుంచి ప్లాట్‌ఫామ్ మీదికి నిలువుగా వచ్చే పైపును) తాకింది. 22 మందిని కోల్పోయాం. అక్కడ కూడా మంటను పెంచింది పైపుల్లో మిగిలి ఉన్న గ్యాసే.