కుటుంబ కథల ఇండిపెండెంట్ సినిమాలు: అపోహలు - వాస్తవాలు

పెద్ద నిర్మాణ సంస్థల అండ లేకుండా తీసే కుటుంబ కథలకు ఎడిటింగ్ చేయడం నా పని. తండ్రీకొడుకుల మధ్య మాటలు కరువైన ఇల్లు, తల్లి పోయాక మళ్లీ కలుసుకున్న అక్కచెల్లెళ్లు, తానెవరో తేల్చుకోలేక సతమతమయ్యే పిల్ల... నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఇలాంటివే. వాటితోపాటే కొన్ని నమ్మకాలూ వస్తాయి. తీసేవాళ్లలోనూ చూసేవాళ్లలోనూ పాతుకుపోయిన ఆ నమ్మకాలు మంచి సినిమాలకు చేసే చెరుపు చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

అపోహ: సన్నివేశం చెప్పి నటుల్ని వదిలేస్తే సహజమైన మాటలు వాటంతటవే వస్తాయి

దీనికి సాక్ష్యంగా అందరూ ముందు చూపించేది అమెరికన్ దర్శకుడు జాన్ కసావెటిస్‌ని. ఆయన తొలి సినిమా ‘షాడోస్’ చివర్లో, మీరు ఇప్పుడు చూసింది ఇంప్రొవైజేషన్ (ముందుగా రాసుకోకుండా అప్పటికప్పుడు అల్లుకుని నటించడం) అని ఒక కార్డు పడుతుంది నిజమే. కానీ 1959లో బయటికొచ్చిన రూపంలో చాలా భాగం రాసుకుని మళ్లీ తీసిందే. 1974 నాటి ‘ఎ ఉమన్ అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్’ అయితే అసలు నాటకంగా మొదలైంది. అంత బరువైన పాత్రను రోజూ రంగస్థలం మీద మోయలేనని ఆయన భార్య, నటి జీనా రోలాండ్స్ అనడంతో సినిమా అయింది. ఆ భార్యాభర్తల మధ్య అప్పటికప్పుడు పుట్టినట్టు వినిపించే మాటలు స్క్రిప్టులో ఉన్నవే.

రెండో సాక్ష్యం బ్రిటిష్ దర్శకుడు మైక్ లీ. ఆయన స్క్రిప్ట్ లేకుండా మొదలుపెడతాడన్న సగం అందరికీ గుర్తుంటుంది. మిగతా సగం ఏమిటంటే, షూటింగుకు ముందు నెలల తరబడి నటులతో కూర్చుని ఒక్కో పాత్ర జీవితాన్నీ మొదటి నుంచి కట్టుకుంటూ వస్తాడు. ఒక పాత్రకు తెలియని సంగతి ఆ నటుడికీ తెలియనివ్వడు. ఆ రిహార్సల్స్‌లో దొరికిన మాటల్ని వడగట్టి, ఖాయం చేసుకున్నాకే కెమెరా తిరుగుతుంది. ‘సీక్రెట్స్ అండ్ లైస్’ (1996)లో తల్లీ, పుట్టగానే దత్తతకు ఇచ్చేసిన కూతురూ ఒక కెఫేలో పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునే సన్నివేశం నిమిషాల తరబడి ఒక్క కట్ కూడా లేకుండా నడుస్తుంది. కట్ అక్కర్లేనంతగా దాన్ని నిలబెట్టింది ఆ నెలల పనే.

ఆ పని చేయకుండా తీసిన ఇంప్రొవైజేషన్ నా దగ్గరికి ఎలా వస్తుందో చెబుతాను. మొదటి టేకులో తమ్ముడు అన్నను అప్పు సంగతి అడుగుతాడు. రెండో టేకులో ఆ ఊసే ఉండదు. మూడో టేకులో అన్నే ఆ మాట ఎత్తుతాడు. విడివిడిగా చూస్తే మూడూ బాగుంటాయి. కానీ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కట్ చేయడం కుదరదు. ఎవరికి ఏం తెలుసు అన్నది టేకు టేకుకూ మారిపోయింది కదా. కుటుంబ కథకు పునాది అదే. అది కదిలితే ఎంత గొప్ప నటనైనా గాల్లో తేలుతుంది.

పిల్లలతో పద్ధతి వేరు. ‘నోబడీ నోస్’ (2004)లో జపాన్ దర్శకుడు హిరోకజు కొరె-ఎడా పిల్లలకు స్క్రిప్ట్ ఇవ్వలేదు, మాటలు నోటితో చెప్పి నటింపజేశాడు. పిల్లలు ఎదగడం తెర మీద కనిపించేలా దాదాపు ఏడాది పాటు తీశాడు. అక్కడ పిల్లలకు స్వేచ్ఛ దొరికింది, కథ బరువంతా దర్శకుడు మోశాడు.

అపోహ: గొడవ ఎంత పెద్దదైతే ఉద్రిక్తత అంత పెరుగుతుంది

ఒక భోజనాల బల్ల సన్నివేశం తీసుకుందాం. కూతురు ఉద్యోగం మానేసింది. తల్లికి తెలుసు, తండ్రికి తెలియదు. ‘‘ఆఫీసులో ఎలా ఉందమ్మా?’’ అని తండ్రి అడుగుతాడు. ‘‘బాగానే ఉంది నాన్నా’’ అంటుంది కూతురు. రఫ్ కట్‌లో, అంటే ఎడిటింగులో మొదటగా కూర్చిన ముతక రూపంలో, మామూలుగా ఎవరు మాట్లాడితే కెమెరా వాళ్ల మీద ఉంటుంది. విషయం తెలుస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు.

ఇప్పుడు ప్రశ్న సగంలో ఉండగానే తల్లి ముఖం మీదికి వెళ్లండి. మిగతా సగం మనం ఆమెతోపాటు వింటాం. కూతురి జవాబు కూడా ఆమె ముఖం మీదే వినిపించాలి. ఆ జవాబు పూర్తయ్యేలోపు ఆమె చేయి నీళ్ల జగ్గు మీదికి పోతుంది. ఎవరూ అడక్కుండానే భర్త గ్లాసులో నీళ్లు పోయబోతుంది. అప్పుడు కట్ చేసి తండ్రిని చూపిస్తాం: గ్లాసు నిండుగానే ఉంది, చేయి అడ్డం పెడతాడు. ఆ తర్వాత కానీ కూతురు తెర మీదికి రాదు.

ఎవరూ గొంతు పెంచలేదు. అయినా ఇంట్లో ఇద్దరు కలిసి ఒకరి దగ్గర దాస్తున్నారని, ఆ మూడో మనిషికి ఏదో అనుమానం తగిలిందని ప్రేక్షకుడికి అర్థమైపోయింది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. తల్లి ముఖాన్ని మరో 12 ఫ్రేములు, అంటే అర సెకను, ఎక్కువ ఉంచితే ఆమె ఆ అబద్ధానికి తోడు నిలిచినట్టు ఉంటుంది. అంతే ముందుగా తెంచేస్తే ఆమెకేమీ తెలియనట్టు ఉంటుంది. నా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. అందుకే దర్శకులను ఒక్కటే బతిమాలుకుంటాను: మాట్లాడేవాళ్ల క్లోజప్పులతో సరిపెట్టకండి, వినేవాళ్ల మీద కూడా సన్నివేశం మొత్తం తీసి పంపండి.

థామస్ వింటర్‌బెర్గ్ ‘ఫెస్టెన్’ (1998)లో తండ్రి 60వ పుట్టినరోజు విందులో పెద్దకొడుకు లేచి, చిన్నప్పుడు ఆయన తమ మీద చేసిన ఘోరాన్ని అందరి ముందూ చెప్పేస్తాడు. అంతకన్నా ఊపిరాడనివ్వనిది ఆ తర్వాత జరిగేది. విందు ఆగదు.

అపోహ: తనను తాను తెలుసుకున్న పాత్ర ఆ సంగతి నోటితో చెప్పాలి

‘‘ఇన్నాళ్లూ నేను నాన్న కోసం బతికాను, ఇక నా కోసం బతుకుతాను’’ తరహా డైలాగు చాలా స్క్రిప్టుల చివర్లో కనిపిస్తుంది. నటి ఎంత బాగా చెప్పినా ఎడిటింగులో మేం ముందు తీసి చూసేది దాన్నే. తీసేశాక సినిమా నిలబడితే, ఆ మార్పు అంతకుముందే చేతల్లో జరిగిందన్నమాట. నిలబడకపోతే ఆ డైలాగు కూడా కాపాడలేదు.

మార్పును అసలు చూపించకుండా కూడా చెప్పొచ్చు. జపాన్ దర్శకుడు ఒజు తీసిన ‘లేట్ స్ప్రింగ్’ (1949) మొత్తం కూతురి పెళ్లి చుట్టూనే తిరుగుతుంది. పెళ్లి మాత్రం చూపించడు, పెళ్లికొడుకు ముఖం కూడా మనకు తెలియదు. బ్యారీ జెంకిన్స్ ‘మూన్‌లైట్’ (2016)లో ఒకే మనిషి మూడు వయసుల్లో మూడు భాగాలుగా కనిపిస్తాడు. ఆ ముగ్గురు నటుల్నీ షూటింగు సమయంలో ఒకరినొకరు కలవనివ్వలేదు. పాత్ర బతుకులో పెద్ద మలుపులు కొన్ని భాగానికీ భాగానికీ మధ్య చీకట్లోనే జరిగిపోతాయి. ఆ ఖాళీని ప్రేక్షకుడు తన అనుభవంతో నింపుకుంటాడు.

అపోహ: సొంత జీవితంలో జరిగిన కథ అయితే జనం నమ్మేస్తారు

‘‘నిజంగా అలాగే జరిగింది’’ అన్న మాట ఎడిటింగ్ గదిలో తరచూ వింటుంటాను. జరిగే ఉంటుంది. తెర మీద మీ నాన్న మౌనంగా కూర్చుంటే మీకు ఏళ్ల చరిత్ర గుర్తొస్తుంది. ఆయన్ని మొదటిసారి చూస్తున్న ప్రేక్షకుడికి కనిపించేది కుర్చీలో ఒక మనిషి. ఆ చరిత్రలో పిసరంత అయినా సినిమాలోకి రావాలి. స్క్రిప్టు దశలోనే ఆ కుటుంబం ఎవరో తెలియని మనిషి చేత చదివించండి. వాళ్లు ఎక్కడ ‘ఎందుకు?’ అని అడిగితే అక్కడ సన్నివేశం లోటు ఉంది.

అపోహ: చిన్న బడ్జెట్ సినిమాకు సౌండ్ కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు

బొమ్మ విషయంలో జనం చాలా సర్దుకుంటారు. ‘ఫెస్టెన్’ తీసింది ఇళ్లలో వాడే చిన్న డిజిటల్ వీడియో కెమెరాతో. ఆ మసక బొమ్మతోనే కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో జ్యూరీ బహుమతి అందుకుంది. మాట వినబడకపోతే మాత్రం ఎవరూ సర్దుకోరు. గొణుగుళ్లు, నిట్టూర్పులు, సగంలో మింగేసిన మాటలే ఇలాంటి కథలకు ప్రాణం. వాటిని తర్వాత డబ్బింగులో రప్పించడం మహా కష్టం.

చేయాల్సినవి ఖర్చులేని పనులే. షాటుకు ముందు ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ మళ్లీ వేయడం మరిచిపోకుండా కారు తాళాలు అందులోనే పెట్టే సౌండ్ రికార్డిస్టులున్నారు. ప్రతి గదిలోనూ అందరూ కదలకుండా నిలబడి 30 సెకన్ల నుంచి ఒక నిమిషం వరకు రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో ఉండే సన్నని శబ్దం, రికార్డు చేయండి. మౌనాన్ని రెండు సెకన్లు పొడిగించాలంటే నాకు ఆ గది మౌనమే కావాలి. ఆ రికార్డింగ్ లేకపోతే కట్ చేసినచోటల్లా చెవికి గతుకు తగులుతుంది.

అపోహ: నెమ్మదిగా ఉంటేనే గౌరవం

నిడివికీ లోతుకూ సంబంధం లేదు. షాటులో ఏదో ఒకటి మారుతున్నంతసేపు ఎంతసేపైనా ఉంచొచ్చు. మారడం ఆగిపోయాక ఉంచితే అది బద్ధకం.

అపోహ: ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఎంపికైతే గట్టెక్కినట్టే

పెద్ద ఫెస్టివళ్లు చాలావరకు ప్రీమియర్, అంటే తొలి ప్రదర్శన, తమ దగ్గరే కావాలంటాయి. కాబట్టి తొందరపడి ఆన్‌లైన్‌లో పెట్టేస్తే ఆ దారి మూసుకుపోవచ్చు. ఇంతకన్నా ఎక్కువగా దెబ్బతీసేది పాట. పేరున్న పాట వాడాలంటే రెండు అనుమతులు కావాలి: ఒకటి బాణీకి, సాహిత్యానికి, రెండోది ఆ రికార్డింగుకు. తక్కువ డబ్బుకు దొరికే ఫెస్టివల్ లైసెన్సు ఫెస్టివళ్ల వరకే చెల్లుతుంది. తర్వాత ఓటీటీ వాళ్లు సినిమా తీసుకుంటామన్నప్పుడు ఆ పాటకు మళ్లీ చెల్లించాలి, లేదా మార్చాలి. పాట మారితే దాని తాళానికి కట్ చేసిన సన్నివేశం మొత్తం తిరిగి కట్టాల్సిందే. హక్కులు దొరుకుతాయన్న రాతపూర్వక మాట చేతికొచ్చేదాకా రఫ్ కట్‌లో కూడా ఆ పాట పెట్టించకండి.