సారు జీతం ఎవరిస్తున్నారు, ఎవరిని అడగాలి?

పీఆర్సీ, అంటే సర్కారు ఉద్యోగుల జీతాలు సవరించే కమిషన్, మాట పేపర్లో వచ్చిందంటే చాలు, మా దేవరకొండ వైపు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గొడవ. మన పన్నులతో లక్ష జీతం తీసుకుంటున్నారు, బడిలో చూస్తే పదిమంది పిల్లలు లేరు, వాళ్ల పిల్లలనేమో ప్రైవేటుకు పంపుతున్నారు అని ఒకరు పెడతారు. డీఎస్సీ రాసి వచ్చాం, ఎవరి దయతోనూ రాలేదు అని ఒక సారు జవాబిస్తాడు. ఇక రెండు రోజులు మాటకు మాట. నాకు ఇద్దరి బాధా తెలుసు, ఎందుకంటే మా ఇంట్లోనే ఒకరు సర్కారు టీచర్, ఇంకొకరు ప్రైవేటు బడిలో పన్నెండు వేలకు రోజుకు ఏడు పీరియడ్లు చెప్పే మనిషి. ఇద్దరూ చదివింది బీఈడీనే.

ముందు జీతం లెక్క చూద్దాం, గొడవంతా దాని మీదే కాబట్టి. ప్రైమరీ బడిలో చెప్పే ఎస్జీటీ మూలవేతనం 2010 పీఆర్సీలో 10,900తో మొదలయ్యేది. 2015లో తెలంగాణ ప్రభుత్వం 43 శాతం ఫిట్‌మెంట్, అంటే మూలవేతనం మీద పెంపు, ఇచ్చాక అది 21,230 అయింది. 2021 మార్చిలో 30 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించాక 31,040. పైకి చూస్తే పదకొండేళ్లలో దాదాపు మూడింతలు. కానీ పీఆర్సీ వచ్చిన ప్రతిసారీ అప్పటిదాకా విడిగా ఇస్తున్న కరువు భత్యాన్ని (డీఏ) మూలవేతనంలో కలిపేస్తారు, ఆ తర్వాతే ఫిట్‌మెంట్ వేస్తారు. అంటే ఆ పెరుగుదలలో పెద్ద భాగం ధరలు పెరిగినందుకు అప్పటికే ఇస్తున్న పైసలే. ఇప్పుడు కొత్తగా చేరిన ఎస్జీటీకి డీఏ, ఇంటి అద్దె కలిపి 40 వేలు దాటుతుంది. లక్ష దాటేది సర్వీసు బాగా ఉన్న సీనియర్లకు. 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు, జీతంలో నుంచి వాటా కోసుకునే సీపీఎస్సే. ఇవన్నీ చెప్పినా పక్క వీధిలో పన్నెండు వేలకు పనిచేసే మనిషి కోపం తగ్గదు, తగ్గాలని నేను అనను కూడా. ఆ కోపం న్యాయమైనదే, కాకపోతే అది వెళ్లాల్సిన చోటుకు వెళ్లడం లేదు. ఎందుకు వెళ్లడం లేదో తెలియాలంటే చాలా వెనక్కి పోవాలి.

నిజాం కాలంలో మన పల్లెల్లో సర్కారు బడి అరుదు, ఉన్నచోట పై చదువు ఉర్దూలో. తెలుగులో చదువు కావాలంటే ఊరు తనే పెట్టుకోవాలి. అలాంటి ప్రైవేటు బడులను ఖాంగీ బడులు అనేవాళ్లు, వాటికీ సర్కారు అనుమతి కావాల్సిందే. పంతులుకు ఊరోళ్లు గింజలు కొలిచేవాళ్లు, పండుగకు బట్టలు పెట్టేవాళ్లు. అది మంచికాలమని చెప్పడానికి ఈ మాట ఎత్తలేదు. ఆ బడుల్లో అందరి పిల్లలకూ చోటు ఉండేది కాదు, ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అయితే పంతులు తిండి ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఊరందరికీ తెలుసు.

తర్వాత పెద్ద మలుపు మన పాలమూరు గడ్డ మీదే జరిగింది. 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించారు. ప్రాథమిక బడులు పంచాయతీ సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తు కిందికి వచ్చాయి. ఇప్పటికీ మన హైస్కూలు బోర్డు మీద జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని రాసి ఉండేది ఆ రోజుల గుర్తే. ఆలోచన మాత్రం గొప్పది. బడి ఊరిది, దాన్ని చూసుకునేవాళ్లను ఊరే ఓట్లతో ఎన్నుకుంటుంది.

జరిగింది వేరు. పైసలు రాష్ట్రం నుంచి గ్రాంటుగా సమితికి వచ్చేవి, అక్కడి నుంచి టీచర్లకు. నెలలు ఆలస్యమయ్యేది. అంతకంటే పెద్ద బాధ బదిలీలది. సమితి ప్రెసిడెంటుకు నచ్చని సారు ఏ నల్లమల అంచు ఊరికో పోవాల్సిందే. ఎన్నికల్లో ఎవరి వైపు తిరిగాడన్నదాన్ని బట్టి కూడా బదిలీలు జరిగేవని ఆ తరం టీచర్లు ఇప్పటికీ కోపంగా చెబుతారు. అందుకే టీచర్ల సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడాయి. ఒకటో తారీఖున ట్రెజరీ నుంచి జీతం రావాలి, నియామకాలు, బదిలీలు నిబంధనల ప్రకారం జరగాలి అని. న్యాయమైన కొట్లాటే, సాధించుకున్నారు. 1980ల నడుమ సమితులు పోయి మండలాలు వచ్చాయి, బోర్డులు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలు అయ్యాయి, అధికారం మాత్రం విద్యాశాఖ చేతికి చేరింది. 1992లో 73వ రాజ్యాంగ సవరణ వచ్చి పంచాయతీలకు ఇవ్వదగ్గ 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్యను కూడా చేర్చింది. కాగితం మీద ఉంది. మన సర్పంచ్ బడి హాజరు రిజిస్టరు అడిగి చూడమనండి, ఏం జవాబు వస్తుందో!

నా బాధ ఇక్కడే. సమితి నాయకుల పెత్తనం తీసేయడం సరైన పనే, దాంతోపాటు అడిగే హక్కు కూడా పోయింది.

జీతాల కథలో ఇంకో ముక్క ఉంది, దాన్ని గొడవల్లో ఎవరూ ఎత్తరు. ప్రభుత్వం టీచర్లకు ఎప్పుడూ ఇట్లాగే ఇచ్చిందనుకుంటే పొరపాటు. 1980ల్లో స్పెషల్ టీచర్ల పేరుతో తీసుకున్నవాళ్లకు నెలకు 398 రూపాయలు. వాళ్లకు 398 టీచర్లు అనే పేరే పడిపోయింది, ఆ సర్వీసు కాలానికి ఇంక్రిమెంట్లు కలపమని రిటైరయ్యేదాకా తిరిగినవాళ్లున్నారు. తర్వాత అప్రెంటిస్ అన్నారు, ఆ తర్వాత విద్యా వాలంటీర్లన్నారు. పర్మినెంటు పోస్టు నింపితే ఖర్చని ఏళ్లకేళ్లు ఆగేవాళ్లు. 2012 డీఎస్సీ తర్వాత మళ్లీ నోటిఫికేషన్ 2017లో, 8,792 పోస్టులకు. దాని తర్వాత 2023లో 5,089 పోస్టులకు ఇచ్చింది పరీక్ష జరగకుండానే రద్దయింది, 2024లో మళ్లీ ఇచ్చారు, 11,062 పోస్టులకు. నడుమ ఏళ్లలో రెండు, మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి ఒక్క సారే చెప్పిన బడులు మన అచ్చంపేట, చందంపేట తండాల్లో ఎన్ని ఉన్నాయో అక్కడివాళ్లకు తెలుసు. పిల్లలు బస్సెక్కి ప్రైవేటుకు పోవడం మొదలైంది ఆ ఏళ్లలోనే. టీచర్ లేని బడి నుంచి పిల్లలు పోయారు, పిల్లలు లేరు కాబట్టి టీచర్ ఎందుకని ఇప్పుడు అడుగుతున్నాం.

2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కిలోమీటరు దూరంలో ప్రాథమిక బడి ఉండాలని చెప్పింది. మన దగ్గర అంతకుముందే ప్రతి తండాకూ, ప్రతి ఆవాసానికీ బడి తెరిచే ప్రయత్నం జరిగింది. పాలమూరు నుంచి తల్లిదండ్రులు వలస పోతే పిల్లలూ వెంట పోయే రోజులవి, ఇంటి పక్కన బడి లేకపోతే చదువే లేదు. ఆ బడుల్లో చాలావాటిలో ఇవాళ పిల్లలు లేరు. 2024-25 లెక్కల్లో ఒక్కరు కూడా చేరని సర్కారు బడులు దేశంలోకెల్లా ఎక్కువ ఉన్న జిల్లా మన నల్లగొండే, 300కు పైగా. ఈ అంకె చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అయితే ఆ పిల్లలందరూ ప్రైవేటుకే పోలేదు. గురుకులాల సంగతి చూడండి. రాష్ట్రంలో మొదటి గురుకులం 1971లో పీవీ నరసింహారావు చొరవతో మన సర్వేల్‌లో మొదలైంది. అప్పటి నల్లగొండ జిల్లానే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. తెలివైన పల్లె పిల్లలకు మంచి బడి ఒకటి ఉండాలన్న తపన అది, ఎంతోమందిని పైకి తెచ్చింది. 2016 నుంచి మైనారిటీ, బీసీ గురుకులాలు పెద్దసంఖ్యలో వచ్చాయి. ఐదో తరగతికి రాగానే ఊరి బడిలో చదివే పిల్లల్లో చురుకైనవాళ్లు అక్కడికి పోతారు. వాళ్లకు మేలే, నేను కాదనను. కానీ సర్కారు ఒక చేత్తో ఊరి బడిని నడుపుతూ ఇంకో చేత్తో దాన్ని ఖాళీ చేస్తోంది, రెండు చోట్లా పెట్టేది మన పైసలే. బడిలో మిగిలిన ఎనిమిదిమందికి చెప్పే సారు జీతాన్ని ఎనిమిదితో భాగించి ఒక్కో పిల్లవాడికి ఇంత ఖర్చా అని గ్రూపులో పెట్టేవాళ్లు ఈ మాట కూడా రాయాలి.

ఇక పన్ను. మన గ్రామ పంచాయతీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. గ్రంథాలయ సెస్సు ఉంటుంది, రూపాయికి 8 పైసలు. బడి జీతానికి అందులో నుంచి ఒక్క పైసా పోదు. టీచర్ జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది, అంటే మనం పోయించుకునే పెట్రోలు, కొనే సబ్బు, భూమి రిజిస్ట్రేషన్, మద్యం, వీటి మీద వచ్చే పైసల నుంచి. నేను ఆదాయపు పన్ను (ఐటీ) కట్టను, నాకేం హక్కు అని ఎవరైనా అంటే నమ్మకండి, కూలికి పోయే మనిషి కూడా పన్ను కడుతూనే ఉన్నాడు. ఐటీ కట్టేవాళ్ల దగ్గర 2004 నుంచి విద్య పేరుతో కేంద్రం సెస్సు తీసుకుంటోంది, 2018 నుంచి అది ఆరోగ్యం, విద్య కలిపి 4 శాతం. సెస్సులో రాష్ట్రాలకు వాటా పంచాల్సిన పని లేదు.

రాష్ట్రం ఎంత పెడుతోంది? 2024-25 బడ్జెట్ 2,91,159 కోట్లు, అందులో విద్యకు 21,292 కోట్లు. నూటికి ఏడు రూపాయల చిల్లర. మరుసటి ఏడాది 3,04,965 కోట్లలో 23,108 కోట్లు, దాదాపు అంతే. ఇందులో ఎక్కువ భాగం జీతాలకే పోతుంది, టీచర్ లేకుండా బడి లేదు కాబట్టి అది సహజమే. నన్ను కలవరపెట్టేది ఆ తర్వాత మిగిలేది. కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్షా పథకం కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి గ్రాంటు 10,000 రూపాయలు, వందలోపు ఉంటే 25,000. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్న చిన్న రిపేర్లు అన్నీ అందులోనే. అది కూడా ఒకేసారి రాదు. జేబులో నుంచి పెట్టుకునే హెడ్మాస్టర్లను నేను చూశాను.

2022 మార్చి 8న వనపర్తిలో మన ఊరు మన బడి పథకం మొదలుపెట్టినప్పుడు 7,289 కోట్లతో 26,065 బడులను బాగుచేస్తామన్నారు, మొదటి విడతలో 9,123. కొన్ని బడులకు నిజంగానే రంగులొచ్చాయి, డ్యూయల్ డెస్కులొచ్చాయి. బిల్లులు రాక పనులు నడుమ ఆగినవీ ఉన్నాయి. తర్వాత ప్రభుత్వం మారింది, 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, పనులు మహిళా సంఘాల చేతికి ఇచ్చారు. పథకం పేరు మారిన ప్రతిసారీ పాత లెక్క మూతపడి కొత్త లెక్క మొదలవుతుంది.

మరి ఎవరిని అడగాలి? బోర్డు మీద జిల్లా పరిషత్ అని ఉంది, 2024 జులైలో ఆ పరిషత్ సభ్యుల పదవీకాలం ముగిసింది. సర్పంచ్‌ల పదవీకాలం అంతకు ముందే అయిపోయి, 2025 డిసెంబరు ఎన్నికల దాకా స్పెషల్ ఆఫీసర్లే. మండల విద్యాధికారిని (ఎంఈవో) అడుగుదామంటే ఆ పోస్టులు ఏళ్లపాటు ఇన్‌ఛార్జిల మీద నడిచాయి, నేరుగా సర్కారు బడుల టీచర్లకూ పరిషత్ బడుల టీచర్లకూ ఒకే సర్వీసు నిబంధనలు ఉండాలా అన్న తగాదా కోర్టుల్లో నలుగుతున్నందుకు. ఒక హైస్కూలు హెడ్మాస్టరే తన బడినీ, మండలాన్నీ చూడాలి. హైస్కూలు, ఆపై టీచర్లకు మండలిలో తమ ఎమ్మెల్సీ ఉన్నారు, మన వైపు వరంగల్, ఖమ్మం, నల్లగొండ కలిపి ఒక నియోజకవర్గం. పిల్లల తల్లిదండ్రులకు ఉన్నది బడి కమిటీ ఒక్కటే, దాని మీటింగుకు సంతకం కోసం పిలుస్తారు, సంతకం పెట్టి కూలికి పోతారు.

పోయిన జూన్‌లో మా వైపు ఒక తండాలో అలాంటి మీటింగుకు వెళ్లాను. బడిలో ఆరుగురు పిల్లలు, ఒక టీచరమ్మ. గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని ఒక తల్లి అడిగింది. నాకు తెలిసి అక్కడ ఆ మాట మొదటిసారి ఎవరో అడగడం. టీచరమ్మ ఏం కోపపడలేదు. బీరువా తెరిచి క్యాష్‌బుక్ తీసి బల్ల మీద పెట్టింది, చదవడం రానివాళ్లకు ఒక్కో పద్దూ చదివి వినిపించింది. అరగంట పట్టింది. ఆ తల్లి వచ్చే మీటింగు తారీఖు అడిగి, సెల్‌ఫోన్‌లో పెట్టుకుని పోయింది.