రాకీ మార్సియానో పిడిగుద్దులు: అపోహలు - వాస్తవాలు

మా బాక్సింగ్ శిక్షణ హాలుకు కొత్తగా వచ్చిన కుర్రాడు ఎవరైనా మొదటి రోజు బ్యాగును చేతులతోనే కొడతాడు. పళ్లు బిగించి, భుజాలు పైకెత్తి, మోకాళ్లు కర్రల్లా నిలబెట్టి గుద్దుతాడు. చప్పుడు మాత్రం చెంపదెబ్బంత వస్తుంది. రెండు నిమిషాలు తిరిగేసరికి చేతులు వాలిపోతాయి. అప్పుడు కూర్చోబెట్టి ఫోనులో ఒక పాత నలుపు తెలుపు వీడియో పెడతాను: అమెరికా బాక్సర్ రాకీ మార్సియానో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయిన పోరు. 1952 సెప్టెంబరు 23, ఫిలడెల్ఫియా మున్సిపల్ స్టేడియం, పదమూడో రౌండు. మొత్తం 43 సెకన్లు. అది చూశాక మార్సియానో గురించి వాళ్లు అనే మాటలు ఇన్నేళ్లలో నాకు కంఠతా వచ్చేశాయి.

అపోహ: అంత గట్టిగా కొట్టాలంటే కొండంత మనిషి కావాలి.

మార్సియానో ఎత్తు సుమారు 179 సెంటీమీటర్లు. ఆ రాత్రి బరువు 184 పౌండ్లు, అంటే 83 కిలోల పైచిలుకు. ఇప్పటి లెక్కలో అతను హెవీవెయిట్ కూడా కాడు, 200 పౌండ్ల లోపు వారి క్రూయిజర్‌వెయిట్‌లో ఆడాలి. చేతులు మరీ పొట్టి. రెండూ బార చాపితే 173 సెంటీమీటర్లు, అతని ఎత్తుకన్నా తక్కువ. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు గానీ, రింగులో పొట్టి చేతులవాడికి పుట్టెడు దెబ్బలు. ఎదుటివాడి పిడికిలి దాటుకుని లోపలికి వెళితే తప్ప అతని గుద్దు ఎవరికీ తగలదు.

అసలు అతను బేస్‌బాల్ ఆడాలనుకున్నాడు. ఊరు మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్, బూట్ల ఫ్యాక్టరీలకు పేరుపడ్డ చోటు. తండ్రి అలాంటి ఫ్యాక్టరీలోనే కూలి. 1947లో షికాగో కబ్స్‌కు చెందిన ఒక చిన్న జట్టు అతన్ని పరీక్షించి, బంతి విసిరే చెయ్యి చాలదని ఇంటికి పంపింది. బంతి విసరడానికి పనికిరాని చెయ్యి మనుషుల్ని ఎలా పడగొట్టిందన్న ప్రశ్నకు జవాబు చేతిలో దొరకదు, కాళ్లలో వెతకాలి. అతని కుడి గుద్దును నెమ్మదిగా తిప్పి చూడండి. ముందు వెనక కాలి మడమ లేస్తుంది, మోకాలు లోపలికి తిరుగుతుంది, నడుము దాన్ని అందుకుంటుంది, ఆ తర్వాతే భుజం కదులుతుంది. పిడికిలి అన్నిటికన్నా చివర వస్తుంది. మా కుర్రాళ్లలో పిడికిలే ముందు బయలుదేరుతుంది, తేడా అక్కడ.

అపోహ: ఒక్క గుద్దుకే అందరూ పడిపోయేవారు.

ఈ మాటకు మూలం నేను చూపించే ఆ వీడియోనే కాబట్టి కొంత పాపం నాది కూడా. ఆ ఒక్క గుద్దుకు ముందు పన్నెండు రౌండ్లు ఉన్నాయి. ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్ మొదటి రౌండులోనే ఎడమ హుక్‌తో, అంటే మోచేయి వంచి పక్క నుంచి కొట్టే గుద్దుతో, మార్సియానోను కింద కూర్చోబెట్టాడు. వృత్తి బాక్సింగులో అతను కింద పడటం అదే మొదలు. తర్వాత తల పగిలింది. మధ్యలో కళ్లలో ఏదో మంట పుట్టి కొన్ని రౌండ్లు సరిగా చూడలేకపోయాడు. పన్నెండు రౌండ్లు ముగిసేసరికి పాయింట్లు వేసే ముగ్గురి లెక్కలోనూ వాల్కాటే ముందున్నాడు.

పదమూడో రౌండు. వాల్కాట్ వెనక్కి వెనక్కి నడుస్తూ తాళ్లకు ఆనుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి కుడిచేయి ఎత్తారు. మార్సియానో పిడికిలి ప్రయాణించిన దూరం జానెడుకు కాస్త ఎక్కువ ఉంటుందేమో, కానీ ముందు చేరింది అదే. దవడ పక్కకు తిరిగిపోయిన ఆ క్షణాన్ని పట్టిన ఫొటో బాక్సింగ్ తెలిసిన ప్రతివాడూ చూసి ఉంటాడు. తర్వాత జరిగేది నాకు ఇంకా భయంగా ఉంటుంది. వాల్కాట్ వెల్లకిలా పడడు. ఎడమ చెయ్యి మధ్య తాడుకు చిక్కుకుని, ఒళ్లు మెల్లగా మడతపడుతూ జారి, మోకాళ్ల మీదికి వచ్చి, నుదురు నేలకు ఆనుతుంది. ప్రార్థన చేస్తున్నట్టే కనిపిస్తాడు. రిఫరీ పది లెక్కపెట్టినా అలాగే ఉన్నాడు.

మార్సియానో బృందం ఆ కుడిచేతి దెబ్బకు 'సూజీ క్యూ' అని ముద్దుపేరు పెట్టుకుంది. పేరు బాగుంది, అందుకే అందరి నోటా అదే మిగిలింది. అతని అసలు పనితనం చూడాలంటే మాత్రం 1953 సెప్టెంబరులో న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో రోలాండ్ లాస్టార్జాతో జరిగిన పోరు చూడాలి. లాస్టార్జా తెలివైనవాడు, చేతులు అడ్డుపెట్టి కాచుకోవడంలో దిట్ట. మొదటి రౌండ్లలో అతనిదే పైచేయి. మార్సియానో దొరకని తలను వదిలేసి, అడ్డొచ్చిన ఆ చేతులనే బాదడం మొదలుపెట్టాడు. మోచేతులు, కండలు, భుజాలు, ఏది దొరికితే అది. ఏడెనిమిది రౌండ్లయ్యేసరికి ఆ చేతులు పైకి లేవడం మానేశాయి, తల తనంతట తానే దొరికింది. పదకొండో రౌండులో రిఫరీ ఆపేశాడు. రోలు మెల్లగా అరిగినట్టు మనిషిని అరగదీశాడు. చూసేవారికి సూజీ క్యూ అంత అందంగా ఉండదు గానీ, శిక్షకుడిగా నాకు ఇష్టమైన పోరు ఇదే.

అపోహ: బండబలం తప్ప విద్య లేదు.

మొదట్లో నిజమే. చార్లీ గోల్డ్‌మన్ అనే శిక్షకుడి దగ్గరికి వచ్చేనాటికి అతనికి నిలబడటం కూడా రాదు. గోల్డ్‌మన్ ఒకప్పుడు తక్కువ బరువు తరగతిలో ఆడినవాడు, చిన్న మనిషి. మరొకరైతే ఈ మొరటు కుర్రాడిని నిటారుగా నిలబెట్టి, పుస్తకంలో ఉన్నట్టు దిద్దబోయి చెడగొట్టేవారు. ఆయన తిరగేసి ఆలోచించాడు. పొట్టివాడిని ఇంకా పొట్టి చేశాడు. నడుము వంచి, మోకాళ్లు మడిచి, ఎదుటివాడి ఎడమ పిడికిలి తల మీదుగా పోయేలా వంగబెట్టాడు. పొడుగువాళ్లకు అంత కింద ఉన్న తల దొరకడం కష్టం. పైగా వంగిన కాళ్లలో ఎప్పుడూ ఒక గుద్దు సిద్ధంగా ఉంటుంది. ఇది విద్య కాకపోతే మరి ఏది?

ఇంకొకటి ఒళ్లు. అప్పట్లో ఛాంపియన్ పోరు పదిహేను రౌండ్లు. మార్సియానో ఒక్కో పోరుకు ముందు నెలల తరబడి భార్యను, ఇంటిని వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో గ్రాసింగర్స్ అనే విడిదిలో మకాం వేసేవాడు. పరుగు, తిండి, నిద్ర, మళ్లీ పరుగు. పదమూడో రౌండులో మొదటి రౌండంత గట్టిగా కొట్టగలిగాడంటే ఆ పరుగే కారణం. మా దగ్గర బ్యాగంటే అందరూ క్యూ కడతారు. పొద్దున్నే ఐదింటికి పరుగంటే మాత్రం ఒకరికి జ్వరం, ఇంకొకరికి మేనమామ పెళ్లి.

అపోహ: 49కి 49 గెలిచాడంటే ఎదురే లేదన్నమాట.

లెక్క నిజమే: 49 పోరాటాలు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు. కానీ అది వృత్తి లెక్క మాత్రమే. అంతకుముందు ఔత్సాహికుడిగా ఓడాడు. 1948లో న్యూయార్క్ గోల్డెన్ గ్లవ్స్ అనే ఔత్సాహికుల పోటీలో కోలీ వాలెస్ చేతిలో ఓడిన సంగతి చాలామందికి తెలియదు. 1950లో లాస్టార్జాతో మొదటిసారి ఆడినప్పుడు న్యాయనిర్ణేతలు చీలిపోయారు, అదనపు పాయింట్ల లెక్కతో ఎలాగో గట్టెక్కాడు.

ఇక 1954లో ఎజర్డ్ చార్లెస్. జూన్‌లో యాంకీ స్టేడియంలో పదిహేను రౌండ్లూ నిలిచి కొట్టాడు చార్లెస్. ఛాంపియన్‌షిప్ పోరులో మార్సియానోతో చివరి గంట దాకా నిలిచినవాడు అతనొక్కడే. సెప్టెంబరులో మళ్లీ ఆడారు. ఆరో రౌండులో మార్సియానో ముక్కు పక్క చర్మం చీలి రెండుగా విడిపోయింది. రక్తం చొక్కా లేని ఒంటి మీద ధారకట్టింది. దాన్ని మూలలో కూర్చోబెట్టి కుట్టలేరు. డాక్టరు ఎప్పుడైనా ఆపేయవచ్చు, ఆపితే కిరీటం పోతుంది. అది తెలిసి దూకుడు పెంచి, ఎనిమిదో రౌండులో ముగించాడు. చావు తప్పి కన్ను లొట్టపోయిందనే సామెత ఇక్కడ ముక్కుకు సరిపోతుంది. చివరి పోరులో, 1955 సెప్టెంబరు 21న, ఆర్చీ మూర్ రెండో రౌండులో పడగొట్టాడు. మార్సియానో లేచి తొమ్మిదో రౌండులో గెలిచాడు. సరిగ్గా ముప్ఫై ఏళ్లకు అదే తేదీన, 48 గెలుపులతో ఉన్న లారీ హోమ్స్ ఆ 49ని అందుకోబోయి మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడాడు. ఇది పాఠం కాదు, తమాషాగా ఉందని చెప్పాను.

అపోహ: ముసలివాళ్లను కొట్టి గొప్పవాడయ్యాడు.

దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. 1951లో మాజీ ఛాంపియన్ జో లూయిస్‌ను తాళ్ల మధ్య నుంచి బయటికి పడేలా కొట్టినప్పుడు లూయిస్‌కు 37 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఆరాధించిన మనిషిని అలా పడేసినందుకు మార్సియానో ఆ రాత్రి ఏడ్చాడు. వాల్కాట్‌కు 38. మూర్ వయసు సంగతి మరీ వింత: తాను చెప్పే పుట్టిన సంవత్సరం ఒకటి, తల్లి చెప్పేది మరొకటి. తల్లి మాట పట్టుకుంటే మార్సియానోతో ఆడిన రోజుకు 41. అయితే అతను ఓడించినవాళ్లలోనే రెక్స్ లేన్‌కు 23, లాస్టార్జాకు 26, డాన్ కాకెల్‌కు 26. ఎదురుగా ఉన్నవాళ్లతోనే ఎవరైనా ఆడగలరు. నా మటుకు నేను హెవీవెయిట్ల వరుసలో అతన్ని అన్నిటికన్నా పైన పెట్టను, కిందికీ దించను.

అపోహ: మహమ్మద్ అలీని కూడా ఓడించాడు.

కంప్యూటర్ లెక్క ప్రకారం ఇద్దరూ నటించిన చిత్రం అది. 1969లో తీశారు. అమెరికాలో చూపిన ముగింపులో మార్సియానో గెలిచాడు. విడుదలకు ముందే అతను విమాన ప్రమాదంలో పోయాడు. దానితో ఏదీ రుజువు కాలేదు.

అపోహ: అంత గట్టిగా కొట్టేవాడికి గుండె ఉండదు.

1949 డిసెంబరు 30, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఎదురుగా కార్మైన్ వింగో, ఇరవై ఏళ్ల పొడగరి. ఇద్దరూ ఒకరినొకరు తూలేలా కొట్టుకున్నారు. వీక్షకులకు అంతకన్నా మంచి రాత్రి ఉండదు. ఆరో రౌండులో వింగో పడ్డాడు, లేవలేదు. మెదడులో రక్తస్రావమై రోజుల తరబడి స్పృహ లేకుండా పడి ఉన్నాడు. బతికాడు గానీ ఒళ్లు ఒక పక్క బలహీనపడి మళ్లీ రింగెక్కలేదు. మార్సియానో ఆసుపత్రి ఖర్చులో చెయ్యి వేశాడు. ఏడాది తర్వాత జరిగిన తన పెళ్లికి పిలిచాడు, వింగో వచ్చాడు.

ఈ పోరు గురించి చెప్పిన రోజు నేను సాధన పోరాటాలు పెట్టను. తలకు గట్టి దెబ్బ తగిలినవాడు ఎంత బాగున్నానన్నా సరే, డాక్టరు చూసి రాసిచ్చేదాకా గ్లవ్స్ నా బీరువాలోనే ఉంటాయి. తాళం చెవి నా జేబులో ఉంటుంది.